తలుపు మీద నోటీసు: ఓనరు చెప్పని తాకట్టు

ఈ కేసు రాసుకోవడానికి క్లయింటు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "అంకెలు కొంచెం మార్చండి సార్, ఎంత పోయిందో మా అత్తయ్యకు తెలియకూడదు" అన్నారు. అంకెలు మార్చాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. తేదీల మధ్య ఎడం మాత్రం ముట్టుకోలేదు. కేసు మొత్తం ఆ ఎడంలోనే ఉంది.

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాటిలో సగం ఓనర్లకూ అద్దెకున్నవాళ్ళకూ మధ్య గొడవలే. ఎక్కువగా అడ్వాన్స్ తిరిగివ్వలేదనో, రంగులకని కోసుకున్నారనో వస్తారు. ఈ కేసు అలా రాలేదు. ఓనరు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట చెప్పి తీరాలని చట్టం అంటుందా, అంటే ఎంత గట్టిగా అంటుంది అన్న ప్రశ్న మీద నాలుగు నెలలు తిరిగాం.

నేపథ్యం

క్లయింటు నర్సు. భర్త గల్ఫ్‌లో. ఇంట్లో అత్తగారు, ఏడో తరగతి చదివే బాబు. పాత ఇంట్లో లిఫ్టు లేదు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అందుకని లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్ వెతుక్కున్నారు. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. వాచ్‌మన్ చూపించిన డబుల్ బెడ్‌రూమ్ నచ్చింది.

ఆ వీధిలో అలాంటి ఫ్లాటుకు అప్పుడు 21 వేలు అద్దె, రెండు నెలల అడ్వాన్స్. ఓనరు వేరే బేరం పెట్టాడు. నెలకు 14 వేలు చాలు, అడ్వాన్స్ 4 లక్షలు ఇవ్వండి, ఖాళీ చేసేరోజు రూపాయి తగ్గకుండా తిరిగిస్తాను అన్నాడు. ఆమె కాగితం మీద లెక్క వేసుకున్నారు. నెలకు 7 వేలు మిగులు, 11 నెలలకు 77 వేలు. అదే 4 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే అందులో మూడో వంతు వడ్డీ వస్తే గొప్ప. భర్త పంపిన డబ్బు ఎలాగూ ఖాతాలో ఉంది. లెక్కలో తప్పేమీ లేదు. కానీ అద్దెలో మూడో వంతు వదులుకుని మరీ ముందే 4 లక్షలు చేతికి కావాలన్న ఓనరుకు ఆ డబ్బు ఇంకెక్కడా పుట్టడం లేదని అర్థం. ఇది నేను ఇప్పుడు అంటున్న మాట. అప్పుడు ఆమె స్థానంలో ఉంటే నేనూ బేరం బాగుందనే అనుకునేవాణ్ణేమో.

అగ్రిమెంట్ జిరాక్స్ షాపులో దొరికే నమూనా. వంద రూపాయల స్టాంపు పేపరు, 11 నెలలు, జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న లెక్కతో అందరూ 11 నెలలకే రాసుకుంటారు. షరతులు 16. లెక్కపెట్టాను. గోడలకు మేకులు కొట్టరాదు, రాత్రి 11 దాటాక గేటు తీయబడదు, బంధువులు వారానికి మించి ఉండరాదు, పెంపుడు జంతువులు ఉండరాదు. పదహారూ అద్దెకుండేవాళ్ళ మీదే. ఓనరు ఏం చెప్పాలో, ఏం చూపించాలో ఒక్క ముక్క లేదు. అడ్వాన్స్ ముట్టినట్టు మాత్రం ఉంది. అది ఉండడం మా అదృష్టం. 4 లక్షల్లో లక్ష నగదుగా ఇచ్చారు మరి.

వచ్చిన సమస్య

డిసెంబరు రెండో వారంలో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఇంగ్లీషులో ఉంది. బాబు కూడబలుక్కుని చదివి "అమ్మా, మన ఇల్లు బ్యాంకుదట" అన్నాడు. అత్తగారు ఆ రాత్రి అన్నం తినలేదు. మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ళు వచ్చి, ఏమీ మాట్లాడకుండా కాగితం అంటించి, తలుపునూ పక్కన నిలబడిన పెద్దావిడనూ కలిపి ఫొటో తీసుకుపోయారట. ఆమెను అన్నిటికంటే బాధపెట్టింది ఆ ఫొటోయే.

ఓనరుకు ఫోన్ చేస్తే, "బ్యాంకువాళ్ళు ఊరికే అంటిస్తుంటారమ్మా. సెటిల్‌మెంట్ నడుస్తోంది. మీరది చింపి పారేయండి" అన్నాడు. క్లయింటు చింపబోయారు. ఎదురు ఫ్లాటావిడ ఆపి, ముందు ఫొటో తీయించి, శనివారం నా దగ్గరికి పంపారు.

ఆమెకు కావాల్సినవి రెండే. ఏప్రిల్ చివర బాబు పరీక్షలు అయ్యేదాకా కదలకుండా ఉండాలి. 4 లక్షలు తిరిగి రావాలి.

ముందు నేను చేసింది తెల్లకాగితం మీద మూడు తేదీలు రాయడం. తాకట్టు ఎప్పుడు పెట్టారు, బ్యాంకు 13(2) నోటీసు ఎప్పుడు ఇచ్చింది, అగ్రిమెంట్ ఎప్పుడు రాశారు. సర్ఫేసీ చట్టం, అంటే బ్యాంకులు కోర్టు గుమ్మం ఎక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే 2002 నాటి చట్టం కింద వచ్చే ఏ అద్దె కేసైనా ఈ మూడు తేదీల వరస మీదే నిలబడుతుంది. కిస్తీలు 90 రోజులు ఆగిపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత బ్యాంకు 60 రోజుల్లో మొత్తం కట్టమని 13(2) నోటీసు ఇస్తుంది. కట్టకపోతే 13(4) కింద స్వాధీనం. తలుపు మీద అంటించింది ఆ స్వాధీనం నోటీసు. అలా అంటించి, వారంలోపు రెండు పేపర్లలో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటన వేయాలని నియమం.

అద్దెకుండేవాళ్ళు తాకట్టుకు ముందే దిగి ఉండి, అది చూపించగలిగితే వాళ్ళకు బలం. తాకట్టు తర్వాత, నోటీసుకు ముందు దిగితే, తాకట్టులో ఉన్న ఆస్తిని ఓనరు ఎంతవరకు లీజుకివ్వొచ్చో చెప్పే ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షను మీద వాదన పెట్టొచ్చు. నోటీసు తర్వాత దిగితే చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే 13(13) ప్రకారం నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఓనరు ఆ ఆస్తిని అమ్మకూడదు, లీజుకూ ఇవ్వకూడదు.

నోటీసు ఫొటో పెద్దది చేసి చూశాను. 13(2) నోటీసు ఫిబ్రవరిలో ఇచ్చినట్టుంది. అగ్రిమెంట్ జూన్‌లో. నాలుగు నెలలు ఆలస్యంగా దిగారు.

ఆమె ముందే కంప్యూటర్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం, తీశాను. పది నిమిషాల పని. రెండు ఎంట్రీలు కనబడ్డాయి. ఒకటి ఓనరు కొన్న సేల్ డీడ్, రెండోది దస్తావేజులు బ్యాంకులో పెట్టి తాకట్టు రాసిన కాగితం. ఆమె చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, "ఈసీ అంటే కొనేవాళ్ళు తీసుకునేది కదా సార్" అన్నారు. అవును, అందరం అలాగే అనుకుంటాం.

ఓనరు చెప్పాలా?

ఇక్కడ కొంచెం ఆగాలి, ఈ కేసులో నాకు ఎక్కువ ఆలోచన పెట్టించింది ఇదే.

హైదరాబాద్‌లో నెలకు 3,500 దాటిన అద్దెకు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. ఇప్పుడు ఫ్లాట్లన్నీ దాదాపు ఆ పరిధి బయటే. మిగిలింది 1882 ఆస్తి బదిలీ చట్టం. అందులో 108(ఎ) ఓనరు ఏం చెప్పాలో చెబుతుంది. ఇల్లు ఏ అవసరానికి ఇస్తున్నారో దానికి అడ్డొచ్చే ముఖ్యమైన లోపం ఏదైనా ఓనరుకు తెలిసి, దిగేవాళ్ళకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, దాన్ని ఓనరు చెప్పాలి. స్లాబు కారుతుందన్న సంగతి, వేసవిలో బోరు ఎండిపోతుందన్న సంగతి దీనికిందకు తేలిగ్గా వస్తాయి. తాకట్టు వస్తుందా?

నా మొదటి ఆలోచన వస్తుందనే. కానీ అదే చట్టంలో అమ్మకాల గురించి చెప్పే 55(1)(ఎ) పక్కన పెట్టి చదివితే తేడా కనిపిస్తుంది. అమ్మేవాడు ఆస్తిలో లోపంతోపాటు తన హక్కులో ఉన్న లోపం కూడా చెప్పాలని అక్కడ స్పష్టంగా రాశారు. లీజు గురించి రాసిన 108(ఎ)లో హక్కు మాట లేదు, ఆస్తిలో లోపం ఒక్కటే ఉంది. అవతలి లాయరు ఎవరైనా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. పైగా ఈసీ అందరికీ అందుబాటులో ఉన్నదే, మామూలు జాగ్రత్తతో తెలిసేదే అంటాడు. దానికి నా జవాబు ఒకటుంది. ఈసీలో తాకట్టు కనిపిస్తుంది గానీ కిస్తీలు ఆగిపోయాయని కనిపించదు. హోమ్‌లోన్ లేని ఫ్లాటు ఈ ఊళ్ళో ఎన్ని ఉంటాయి? తాకట్టు ఉండడం లోపం కాదు. బ్యాంకు అప్పటికే నోటీసు ఇచ్చి ఉండడం లోపం, అది ఓనరుకూ బ్యాంకుకూ తప్ప ఎవరికీ తెలియదు.

వాదన బాగానే ఉంది. కానీ 4 లక్షలు మొత్తం ఈ ఒక్క వాదన మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకని 108(సి) మీదికి వెళ్ళాను. అద్దె సరిగ్గా కడుతున్నంతకాలం గడువు పూర్తయ్యేదాకా అంతరాయం లేకుండా ఉండనిస్తానని ఓనరు మాటిచ్చినట్టే లెక్క అంటుంది అది. అగ్రిమెంట్‌లో రాయకపోయినా సరే. చెప్పకపోవడం తప్పా కాదా అన్న చర్చ దీనికి అక్కర్లేదు, అంతరాయం వస్తే చాలు. ఇంకా బలమైన మాట క్రిమినల్ చట్టంలో ఉందని నాకు తట్టడానికి నెలన్నర పట్టింది. ఆ సంగతి తర్వాత.

ప్రయత్నించినవి, బెడిసికొట్టినవి

మొదట అసోసియేషన్ ప్రెసిడెంటు ఇంట్లో కూర్చున్నాం. ఓనరు మనిషి చూడ్డానికి మర్యాదస్తుడు. చిన్న కాంట్రాక్టులు చేసేవాడు, బిల్లులు ఆగిపోయి మునిగాడు. మోసం చేయాలన్న ఉద్దేశం లేదని తల పట్టుకున్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కాసేపటికి 4 లక్షలకు జనవరి 25 తేదీతో చెక్కు రాసిచ్చాడు.

చెక్కు చూడగానే క్లయింటు ముఖం వెలిగింది. నాకు సగం నమ్మకమే. ఖాళీ చేసినప్పుడు ఇవ్వాల్సిన అడ్వాన్స్‌కు, ఖాళీ చేయకముందే చెక్కు వేస్తే, ఆ రోజుకు బాకీయే లేదని రేపు వాదించొచ్చు. అందుకని చెక్కుతోపాటు ఒక పేజీ ఉత్తరం కావాలన్నాను. అక్కడే కూర్చుని తెలుగులో రాయించాను. బ్యాంకు నోటీసు ఫిబ్రవరిలోనే తనకు అందిందని, అద్దెకిచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పలేదని, అందుకే అడ్వాన్స్ మొత్తం ఇప్పుడే తిరిగివ్వడానికి ఒప్పుకుని ఫలానా నంబరు చెక్కు ఇస్తున్నానని, ఏప్రిల్ 30 దాకా వాళ్ళు ఇంట్లో ఉండొచ్చని. ప్రెసిడెంటు సాక్షి సంతకం చేశారు. ఓనరు సంతకం చేసేముందు రెండో వాక్యం దగ్గర పెన్ను ఆపాడు. "చెప్పలేదు అనే మాట అవసరమా సార్?" అన్నాడు. అవసరమే అన్నాను. పెట్టాడు.

ఇంకో నిర్ణయం కూడా ఆ రోజే. అడ్వాన్స్‌లో అద్దె మినహాయించుకోనా అని ఆమె అడిగారు. వద్దు, చెక్కు బ్యాంకులో వేసేదాకా అద్దె యథాప్రకారం కట్టండి అన్నాను. చెక్కు రాశాక కొంత బాకీ తీరిపోయి, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తానికే వేస్తే, బౌన్స్ అయినా 138 కేసు, అంటే చెక్కు బౌన్స్ మీద పెట్టే క్రిమినల్ కేసు, నిలవదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 14 వేలు ఆదా చేయబోయి 4 లక్షల చెక్కును చెడగొట్టుకోవడం ఎందుకు?

ఇక నేను చేసిన తప్పు. జనవరిలో డీఆర్‌టీలో, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌లో, దరఖాస్తు వేశాను. స్వాధీనం చర్య జరిగిన 45 రోజుల్లోపు అద్దెకున్నవాళ్ళు కూడా అక్కడికి వెళ్ళొచ్చని సర్ఫేసీ 17(4ఎ) అంటుంది. అదే సబ్‌సెక్షను, 13(2) నోటీసు తర్వాత పుట్టిన అద్దె అయితే ఊరట లేదని కూడా అంటుంది. అది తెలిసే వేశాను. బాబు పరీక్షలు, పెద్దావిడ మోకాళ్ళు చూపించి ఏప్రిల్ దాకా గడువైనా అడగొచ్చన్నది నా ఆశ. విచారణ రెండు నిమిషాలు. "అగ్రిమెంట్ ఏ తేదీ?" అని అడిగారు. చెప్పాను. స్టే రాలేదు. దరఖాస్తు పెండింగులో పెట్టారు.

ఫీజులు పోయాయి, ఐదు వారాలు పోయాయి. అంతకంటే నష్టం ఇంకోటి జరిగింది. డిసెంబరులో నేను ఫోన్ చేస్తే నెమ్మదిగా మాట్లాడిన బ్యాంకు అధీకృత అధికారి, కేసు వేశాక "ఏదైనా మా ప్యానెల్ లాయరుతో మాట్లాడండి" అని పెట్టేశాడు. బ్యాంకు అప్పటికే 14వ సెక్షను కింద మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు వేసింది. అది మంజూరైతే అడ్వొకేట్ కమిషనర్, పోలీసులతో వచ్చి సామాను బయట పెట్టిస్తారు. పరీక్షలకు ముందే రావొచ్చు. ఓడిపోయే దరఖాస్తు వేసే ముందు ఎవరితో సంబంధం చెడుతుందో నేను లెక్కలోకి తీసుకోలేదు.

చెక్కు బౌన్స్ అయ్యింది. ఖాతాలో డబ్బు లేదు. ఆమె ఒక్కరే పోలీస్ స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు ఇస్తే "ఇది సివిల్ మేటరమ్మా, కోర్టుకెళ్ళండి" అని పంపించేశారు.

పని చేసినవి

స్టేషను నుంచి వెనక్కి వచ్చిన ఫిర్యాదు కాపీ చదివాను. నాలుగు పేజీల్లో ఆమె పడ్డ టెన్షన్ అంతా ఉంది, రెండు తేదీలు మాత్రం లేవు. ఫిబ్రవరి నోటీసు సంగతే లేదు. అది లేకపోతే ఎవరికైనా సివిల్ మేటర్‌గానే కనిపిస్తుంది.

అప్పుడు భారతీయ న్యాయ సంహిత 318 మళ్ళీ తీశాను. పాత 415, 420 సెక్షన్ల స్థానంలో వచ్చిన మోసం సెక్షను. దాని వివరణలో, దురుద్దేశంతో వాస్తవాలు దాచడం కూడా మోసగించడమే అని ఉంది. పాత చట్టంలోనూ ఉంది. నేను వందసార్లు చదివిన వాక్యమే, అద్దె అగ్రిమెంట్ పక్కన పెట్టి ఎప్పుడూ చదవలేదు. 108(ఎ)లో లోపం ఆస్తిలోనా హక్కులోనా అని ఎంతసేపైనా తగువులాడుకోవచ్చు. ఇక్కడ ఆ తగువు లేదు. చెప్పి ఉంటే ఆమె 4 లక్షలు ఇచ్చేవారా? ఇచ్చేవారు కాదు. తెలిసి చెప్పలేదా? చెప్పలేదని ఆయన సంతకమే ఉంది. ఆ ఉత్తరం రాయించినప్పుడు నా దృష్టి అంతా చెక్కు మీద ఉంది. పనికొచ్చింది మాత్రం పెన్ను ఆగిన ఆ రెండో వాక్యం.

లీగల్ నోటీసు ఒకటిన్నర పేజీలో ఇచ్చాను. మొదటి పేరాలో రెండు తేదీలు, రెండోదాంట్లో ఆయన ఉత్తరంలోని వాక్యం యథాతథంగా, తర్వాత 318 వివరణ, 13(13), దాన్ని ఉల్లంఘిస్తే సర్ఫేసీ 29వ సెక్షను కింద ఏడాది దాకా శిక్ష పడొచ్చన్న సంగతి, చివర 138 కింద 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టమని. చెక్కు వెనక్కి వచ్చిన 30 రోజుల్లోపు ఈ నోటీసు వెళ్ళాలి, పన్నెండో రోజున పంపాం. గడువు దాటినా ఆయన కట్టలేదు. మార్చిలో చెక్కు కేసు వేశాం. చెక్కు బౌన్స్ అయ్యాక ఇక మినహాయించుకోవడానికి అడ్డు లేదు కాబట్టి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అద్దెలు, మొత్తం 42 వేలు, అడ్వాన్స్‌లో జమ చేసుకుంటున్నామని రాసి మరీ ఆపేశాం.

బ్యాంకు వైపు పని వేరుగా నడిచింది. ప్యానెల్ లాయరు దగ్గరికి నేనే వెళ్ళి కూర్చున్నాను. డీఆర్‌టీ దరఖాస్తు ఉపసంహరించుకుంటాం, ఏప్రిల్ 30 లోపు ఖాళీ చేసి తాళాలు ఓనరుకు ఇవ్వకుండా నేరుగా బ్యాంకుకే ఇస్తాం, ఆ తర్వాత ఈ ఫ్లాటు మీద ఏ హక్కూ అడగం అని హామీపత్రం ఇస్తానన్నాను. అప్పటిదాకా కమిషనర్‌ను పంపకండి అన్నది మా కోరిక. బ్యాంకుకు ఇందులో ఏం లాభమో ముందే ఆలోచించుకుని వెళ్ళాను. తలుపుకు కాగితం అంటించడం పేరుకే స్వాధీనం, లోపల మనుషులున్నారు. అలాంటి ఫ్లాటు వేలానికి పెడితే పాడేవాళ్ళు జంకుతారు, ధర పడిపోతుంది. తాళం చేతిలో ఉన్న ఫ్లాటైతే ఆ సమస్య లేదు. కమిషనర్ ఖర్చూ తప్పుతుంది. ప్యానెల్ లాయరు విని నవ్వి, "ఇదే మాట డిసెంబరులో రాసిచ్చి ఉంటే ఇద్దరికీ పని తప్పేది కదండీ" అన్నారు. ఏమంటాను?

వారం తర్వాత బ్యాంకు ఒప్పుకుంటూ రెండు లైన్ల ఉత్తరం ఇచ్చింది.

లారీ గేటు దగ్గర ఆగింది

పరీక్షలు అయిపోయాయి. ఏప్రిల్ 28న సామాను ఎక్కించారు. లారీ గేటు దాటబోతుంటే వాచ్‌మన్ తాళం వేశాడు. ఫ్లాటు మీద మెయింటెనెన్స్ బకాయి 38 వేలు ఉందని, కట్టి ఎన్‌ఓసీ తీసుకుంటేనే వదలమని సెక్రటరీ ఆర్డరు. ఆమెకు కాళ్ళు చల్లబడ్డాయి. నెలనెలా అద్దెతోపాటు 2 వేలు మెయింటెనెన్స్ ఓనరుకే ఫోన్‌పే చేశారు, ఓనరు కడతానన్నాడు. కట్టలేదు. ఆమె రాకముందు నాటి లిఫ్టు మరమ్మతు వాటా కూడా అందులో ఉంది.

నేను ఫోన్‌లో సెక్రటరీతో మాట్లాడాను. గొంతు పెంచలేదు. ఫ్లాటు బాకీ ఓనరుది, ఇల్లు రేపు వేలంలో కొనేవాళ్ళను అడగండి, బ్యాంకుకు ఇప్పుడే రాయండి, వేలం ప్రకటనలో బకాయి సంగతి వేయించుకోండి అన్నాను. ఒకరి బాకీకి ఇంకొకరి సామాను ఆపే హక్కు అసోసియేషన్‌కు లేదని కూడా చెప్పాను. ఆమె పదకొండు నెలల ఫోన్‌పే రసీదులు చూపించారు. ప్రెసిడెంటు కిందికి దిగి గేటు తీయించారు. గంటన్నర ఎండలో అత్తగారు లారీ ముందు సీట్లోనే కూర్చున్నారు.

ఖాళీ ఇంట్లో గది గదికీ ఫొటోలు తీసి, ఫ్యాన్లు, గీజరు, ట్యూబులైట్లు లెక్క రాసి, కరెంటు ఆఖరి బిల్లు కట్టిన రసీదు జతచేసి, తాళాలు బ్యాంకు ఆఫీసరుకు ఇచ్చి సంతకం తీసుకున్నాం.

చెక్కు కేసులో సమన్లు అందాక ఓనరు దిగొచ్చాడు. భార్య నగలు అమ్మి 2 లక్షలు కట్టాడు. సెప్టెంబరు లోక్ అదాలత్‌లో ఇంకో లక్షతో రాజీ. 42 వేలు అద్దెలో పోగా, 58 వేలు వదులుకున్నారు. వదులుకోవద్దని నేను గట్టిగా అనలేదు. కేసు నడిపితే శిక్ష పడొచ్చు, అప్పుల్లో మునిగినవాడి దగ్గర డబ్బు పుట్టకపోవచ్చు, ఆమెకు ప్రతి వాయిదాకూ ఒక రోజు జీతం పోతుంది. మోసం ఫిర్యాదు మీద ఇక ముందుకెళ్ళం అన్నది కూడా రాజీలో భాగమే. ఆ నిర్ణయం పూర్తిగా ఆమెదే.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

అద్దె కేసు ఏదొచ్చినా ఇప్పుడు ముందు ఈసీ తీస్తాను, గొడవ దేని గురించైనా సరే. ఎవరైనా దిగేముందు సలహాకు వస్తే ఈసీ చూపించి, తాకట్టు ఉందంటే చివరి మూడు నెలల లోన్ స్టేట్‌మెంటు అడగమంటాను. చాలామంది మొహమాటపడతారు. "ఓనరును లోన్ స్టేట్‌మెంట్ అడిగితే ఇల్లు ఇస్తారా సార్" అంటారు. ఆయన మీ జీతం స్లిప్పు, ఆధార్, ఆఫీసు ఐడీ అన్నీ అడిగి తీసుకున్నాడు కదా అంటాను. అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటితే మాత్రం మొహమాటం వదులుకోమంటాను. ఇళ్ళకు రెండు నెలలకు మించి అడ్వాన్స్ వద్దని కేంద్రం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో ఉంది. అది నమూనాయే, రాష్ట్రం చట్టం చేస్తే తప్ప ఓనరును కట్టిపడేయదు. కానీ లక్షల్లో అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళు అద్దెకు దిగుతున్నామనుకుంటారు, నిజానికి ఓనరుకు హామీ లేని అప్పు ఇస్తున్నారు. అప్పు ఇచ్చేవాళ్ళు అడిగేవన్నీ అడగాలి.

అగ్రిమెంట్లలో ఇప్పుడు ఒక పేరా పెడుతున్నాను:

"ఈ ఫ్లాటు యజమానిని నేనే. దీనిమీద ఫలానా బ్యాంకులో తాకట్టు ఉంది / లేదు. ఈ రోజు వరకు కిస్తీలు బకాయి లేవు, బ్యాంకు నుంచి ఎలాంటి డిమాండు నోటీసూ నాకు అందలేదు. అసోసియేషన్‌కు, కరెంటుకు, ఇంటిపన్నుకు బకాయిలు లేవు. అద్దె కాలంలో అలాంటి నోటీసు ఏదైనా వస్తే వారంలోపు రాతపూర్వకంగా తెలియజేస్తాను. ఇందులో ఏది నిజం కాకపోయినా అడ్వాన్స్ మొత్తం వెంటనే తిరిగివ్వాల్సిన బాకీ అవుతుంది."

చివరి వాక్యం ఈ కేసు నేర్పిందే. చెక్కు వేసే రోజుకు బాకీ ఉందా లేదా అన్న తలనొప్పి దానితో పోతుంది. మొదటి వాక్యాలు అబద్ధమైతే, దాచాడని నిరూపించే శ్రమ తప్పుతుంది, అబద్ధం రాసిచ్చాడని చూపిస్తే చాలు. కొందరు ఓనర్లు ఈ పేరా చూసి అగ్రిమెంట్ వెనక్కి ఇచ్చేస్తారు. అలా ఇచ్చేసినవాళ్ళలో ఎవరికి ఏ ఇబ్బంది ఉందో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం మా క్లయింటుకు ఆ క్షణంతో తీరిపోతుంది.

మెయింటెనెన్స్ అసోసియేషన్ ఖాతాకే నేరుగా కట్టమంటున్నాను. దిగేరోజు అసోసియేషన్ నుంచి బకాయి లేదన్న చిన్న చీటీ తీసుకోమంటున్నాను, ఖాళీ చేసేరోజు కాదు.

నా వైపు నుంచి ఒకటి. బ్యాంకును ప్రత్యర్థిగా చూసి డీఆర్‌టీకి పరిగెత్తాను. ఆమెకు అపకారం చేసింది బ్యాంకు కాదు. నోటీసు తర్వాత దిగిన అద్దె కేసుల్లో ఇప్పుడు ముందు హామీపత్రం పట్టుకుని బ్యాంకుకు వెళ్తున్నాను. 45 రోజుల గడువును మాత్రం క్యాలెండర్‌లో రాసి పెట్టుకుంటాను.

క్లయింటు మే నెలలో కొత్త ఫ్లాటు చూసుకున్నారు, రెండో అంతస్తు, లిఫ్టు ఉంది. అగ్రిమెంట్ రాయించడానికి ఓనరును తీసుకుని నా దగ్గరికే వచ్చారు. తాకట్టు ఉందా అని ఆమే అడిగారు, నేను నోరు తెరవకముందే. ఆ పెద్దాయన కాస్త చిన్నబుచ్చుకున్నా, ఫోన్ తీసి లోన్ యాప్ తెరిచి, ఆ నెల కిస్తీ కట్టిన లైను ఆమెకు చూపించాడు. పేరా ఒప్పుకున్నాడు. గోడలకు మేకులు కొట్టరాదన్న షరతు తీసేయమంటే మాత్రం ససేమిరా అన్నాడు.